కుందేలు చెవికి ఇంటి వైద్యం.. ఎంతవరకు?

చెవిలో పక్కులు, ఆగని గోకుడు, ఓ పక్కకు వాలిన తల.. పెంపుడు కుందేళ్లలో తరచూ కనిపించే ఇబ్బందులివి. త్వరగా గుర్తిస్తే వీటిలో చాలావరకు నయమయ్యేవే. కాకపోతే జబ్బేమిటో, మందేమిటో పశువైద్యులు తేల్చాలి. ఆ మందు క్రమం తప్పకుండా పడేలా చూడటం, తిండి తగ్గకుండా కనిపెట్టుకోవటం ఇంట్లోవాళ్ల పని. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకుందాం.

ఆదివారం పొద్దున. ఇంట్లో కుందేలు పదే పదే తల విదిలిస్తోంది. వెనక కాలితో చెవిని టకటకా గోక్కుంటోంది. లోపలికి తొంగి చూస్తే గోధుమరంగు పక్కులు. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి రెండు చుక్కలు వేద్దామంటుంది నానమ్మ. నిరుడు తన చెవిపోటుకు డాక్టర్ రాసిన చుక్కల మందు సీసా కోసం అలమరా వెతుకుతుంటాడు నాన్న. పాప అప్పటికే ఇయర్‌బడ్ పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ముగ్గురిదీ ప్రేమే. కానీ ఆ మూడు పనులూ కుందేలుకు చేటు చేసేవే.

కుక్కకో, పిల్లికో బాగాలేకపోతే అరుస్తాయి, మూలుగుతాయి. కుందేలు అలా కాదు. అడవిలో వేటాడే జంతువుల కంట పడకుండా బతికిన జాతి కావటంతో నొప్పిని బయటపెట్టదు. మూలకు ఒదిగి కూర్చుంటుంది, తిండి తగ్గిస్తుంది. అంతే. మనకు తెలిసేసరికి జబ్బు నాలుగడుగులు ముందుకు పోయి ఉంటుంది. అందుకే దీని విషయంలో ‘రెండు రోజులు చూద్దాం’ అనే ధోరణి పనికిరాదు.

చెవి నిర్మాణమే వేరు

మన పల్లెల్లో కుందేలుకు చెవులపిల్లి అనే పేరు కూడా ఉంది. ఆ చెవులు అందం కోసమో, వినటం కోసమో మాత్రమే కాదు. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లోని వేడిని చాలావరకు చెవి డొప్పల్లోని రక్తనాళాల ద్వారానే బయటికి పంపించుకుంటుంది. అంత సున్నితమైన చెవులను పట్టుకుని కుందేలును ఎత్తటం ఎప్పుడూ చేయకూడని పని. జబ్బు చేసిన చెవినైతే మరీనూ.

లోపలి దారి కూడా మన చెవిలా ఉండదు. పైనుంచి కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి కర్ణభేరిని చేరుతుంది. ఇయర్‌బడ్ పెడితే గులిమి, పక్కులు బయటికి రావు సరికదా, ఆ మలుపు దగ్గర మరింత గట్టిగా కూరుకుపోతాయి. కుందేలు ఒక్కసారి తల విదిలిస్తే కర్ణభేరికి గాయమయ్యే ప్రమాదమూ ఉంది.

చెవులు కిందికి వేలాడే లాప్ రకం కుందేళ్లకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. చెవి దారి సన్నగా నొక్కుకుపోవటం, గాలి ఆడకపోవటం వల్ల గులిమి లోపలే పేరుకుంటుంది. బ్రిటన్‌లో 15 లాప్ కుందేళ్లను, 15 నిటారు చెవుల కుందేళ్లను పోల్చి చూసిన పరిశోధకులు 2019లో ఇదే విషయం ప్రకటించారు. లాప్ రకాల్లో చెవి సమస్యలే కాకుండా పంటి సమస్యలు కూడా ఎక్కువగా కనిపించాయి.

చెవి జబ్బులు ముఖ్యంగా మూడు

చూడటానికి అన్నీ ‘చెవి ఇన్‌ఫెక్షన్’ లాగే ఉంటాయి. కారణాలు వేరు, మందులూ వేరు.

1. చెవి గజ్జి: సోరోప్టిస్ కునిక్యులై అనే సూక్ష్మమైన గజ్జి పురుగు దీనికి మూలం. ఇది చెవి లోపలి చర్మం మీద బతుకుతూ దురద పుట్టిస్తుంది. కారిన రసి ఎండి, ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుంటుంది. గిన్నెలో నానిన కార్న్‌ఫ్లేక్స్ గుర్తుకొచ్చేలా గోధుమరంగు పక్కులు కడతాయి. రెండు చెవుల్లోనూ రావొచ్చు. ముదిరితే మెడ మీదికి, పొట్ట కిందికి కూడా పాకుతుంది. కొత్తగా కొని తెచ్చిన కుందేళ్లలో, గుంపులుగా పెంచిన చోటు నుంచి వచ్చిన వాటిలో ఇది ఎక్కువ.

2. బయటి చెవిలో చీము: బ్యాక్టీరియా, ఒక్కోసారి ఈస్ట్ వల్ల వస్తుంది. చెవిలోంచి దుర్వాసన, తెల్లటి లేదా పసుపు చీము, ఎర్రదనం, చెవి మొదట్లో వాపు కనిపిస్తాయి. కుందేలు చీము పల్చగా కారదు. వెన్నలా చిక్కగా ఉండి లోపలే గడ్డకడుతుంది. అందుకే చికిత్సకు వారాలు పడుతుంది. కొన్నిసార్లు ఆపరేషన్ కూడా అవసరమవుతుంది.

3. మధ్య చెవి, లోపలి చెవి ఇన్‌ఫెక్షన్: ముక్కులో ఉండే పాస్చురెల్లా వంటి బ్యాక్టీరియా గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం ద్వారా పాకుతుంది. ఇలాంటప్పుడు బయటి నుంచి చూస్తే చెవి శుభ్రంగానే కనిపించవచ్చు. తల ఒక పక్కకు వాలిపోవటం, నడుస్తూ తూలటం, గుండ్రంగా తిరగటం, కళ్లు అటూ ఇటూ వణికినట్టు కదలటం దీని గుర్తులు. ముఖంలోని నరం దెబ్బతింటే ఒక కన్ను పూర్తిగా మూసుకోదు, ఒక పక్క పెదవి జారుతుంది.

తల వాలిపోవటానికి చెవి ఒక్కటే కారణం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెదడు, కిడ్నీలపై దాడి చేసే ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి వల్ల కూడా ఇదే లక్షణం వస్తుంది. దాని చికిత్స పూర్తిగా వేరు. కాబట్టి తల వాలిన కుందేలు చెవిలో చుక్కలు వేస్తూ కూర్చోవటం విలువైన సమయాన్ని పోగొట్టుకోవటమే.

ఇలా కనిపెట్టండి

వారానికోసారి పగటి వెలుతురులో చెవులు పరిశీలించటం అలవాటు చేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి లోపల లేత గులాబీ రంగులో, శుభ్రంగా, వాసన లేకుండా ఉంటుంది. లేత పసుపు గులిమి కొద్దిగా ఉంటే భయం లేదు. ఈ కింది వాటిలో ఏది కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు.

- తల పదే పదే విదిలించటం, చెవి వెనక గోకి గోకి వెంట్రుకలు ఊడిపోవటం
- ఒక చెవి నిలబడి, ఇంకోటి వాలిపోవటం
- చెవి మొదట్లో ముట్టుకుంటే ఉలిక్కిపడటం, తల దూరంగా లాక్కోవటం
- పక్కులు, చీము, దుర్వాసన
- రోజూ పరుగెత్తుకొచ్చి తినే కొత్తిమీర కాడను వాసన చూసి వదిలేయటం
- పెంటికల సంఖ్య తగ్గటం, చిన్నవైపోవటం

చివరి రెండూ మిగతా అన్నింటికంటే ముఖ్యం. ఎందుకో ముందు ముందు చూద్దాం.

పక్కులు పీకొద్దు

చెవిలో పక్కులు చూడగానే తీసేయాలనిపిస్తుంది. వాటి కింద చర్మం పచ్చి పుండులా ఉంటుంది. లాగితే రక్తం వస్తుంది, విపరీతమైన నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి కుందేలు తిండి మానేస్తుంది. పురుగు చచ్చే మందు ఒంట్లో పడితే పక్కులు వాటంతటవే ఎండి, రాలిపోతాయి. గోకుడు కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. చెవి శుభ్రపడటానికి వారం నుంచి రెండు వారాలు, బాగా ముదిరితే ఇంకొంత కాలం పట్టొచ్చు.

గజ్జికి పశువైద్యులు సాధారణంగా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గానీ, మెడ వెనక చర్మంపై వేసే సెలామెక్టిన్ చుక్కలు గానీ వాడతారు. ఐవర్‌మెక్టిన్ పురుగు గుడ్లను చంపలేదు. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే పురుగు తయారవటానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అందుకే 10 నుంచి 14 రోజుల తేడాతో రెండోసారి, అవసరమైతే మూడోసారి ఇస్తారు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. మొదటి మోతాదుకే గోకుడు తగ్గుతుంది, ఇక చాల్లే అనుకుంటారు. నెల తిరిగేసరికి చెవి మళ్లీ మొదటికొస్తుంది.

మందుల దుకాణంలో పశువుల ఐవర్‌మెక్టిన్ కొనుక్కొచ్చి మనమే వేస్తే కాదా? ఈ లెక్క ఒకసారి చూడండి. పశువులకు వాడే 1 శాతం ఇంజెక్షన్ 50 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున ఇస్తారు. ఆ లెక్కన 2 కిలోల కుందేలు వాటా 0.04 మి.లీ. అంటే ఒక్క చుక్క కూడా నిండదు. సిరంజిలో ఒక చిన్న గీత తేడా వస్తే మోతాదు రెట్టింపో, మూడింతలో అయిపోతుంది. పైగా కుందేళ్లకు వైద్యులు ఇచ్చే మోతాదు దీనికి భిన్నంగానూ ఉండొచ్చు. తూకం వేసి, లెక్కగట్టి ఇవ్వటం వాళ్లకే వదిలేయాలి.

నూనె రాస్తే పక్కులు మెత్తబడతాయన్నది నిజమే. కానీ చర్మానికి అంటుకుని లోతుగా ఉన్న పురుగులూ, మెడ మీదికి పాకినవీ దానితో చావవు. నూనె ఒక్కటే నమ్ముకుంటే జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది.

ఇవి అసలు వాడొద్దు

వెల్లుల్లి నూనె: ఉల్లి, వెల్లుల్లి కుందేలు రక్తకణాలను దెబ్బతీస్తాయి. చెవిలో వేసింది చెవిలోనే ఉండదు. ముందు కాళ్లతో చెవి తుడుచుకుని, ఆ కాళ్లు నాకుతుంది. కర్పూరం కలిపిన నూనెలకూ ఇదే వర్తిస్తుంది.

పసుపు ముద్ద: చెవి దారిని మూసేస్తుంది. లోపల తడి, చీము ఆరకుండా నిలబెడుతుంది. డాక్టర్ చూద్దామన్నా ఏమీ కనిపించదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్, డెట్టాల్: పుండైన చర్మాన్ని మండిస్తాయి.

మనుషుల చెవి చుక్కలు: వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కుందేళ్లకు స్టెరాయిడ్ పడదు, రోగనిరోధక శక్తిని పడగొడుతుంది. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు కర్ణభేరి చిరిగిన చెవిలో పడితే వినికిడికే ముప్పు. కర్ణభేరి బాగుందో లేదో పరికరంతో చూస్తే తప్ప తెలియదు.

కుక్కల ఫిప్రోనిల్ స్ప్రే, చుక్కలు: కుక్కలకు గోమార్లు పోవటానికి వాడే ఈ మందు కుందేళ్లకు విషంతో సమానం. ప్రాణం పోయే ప్రమాదముంది.

ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్‌లు: అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా నశిస్తుంది. విషం పుట్టించే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. విరేచనాలు పట్టుకుని రోజుల్లోనే చనిపోవచ్చు. పిల్లల కోసం తెచ్చిన సిరప్‌లో కాస్త మిగిలితే కుందేలుకు పట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్: నొప్పి తగ్గాలని సొంతంగా ఇవ్వొద్దు. కుందేళ్లకు తగిన నొప్పి మందు డాక్టరే ఇస్తారు. అడగటానికి మొహమాటపడొద్దు. నొప్పి తగ్గితేనే తింటుంది.

ఇంట్లో మీరు చేయాల్సినవి

డాక్టర్ చూసి, మందు రాసిచ్చాక అసలు పని ఇంట్లోనే మొదలవుతుంది.

పట్టుకోవటం నేర్చుకోవాలి. బల్ల మీద కాకుండా నేల మీద కూర్చుని చేయండి. ఒక తువ్వాలు పరిచి, కుందేలును మధ్యలో ఉంచి, తల మాత్రం బయట ఉండేలా రెండు వైపులా చుట్టండి. వెనక భాగానికి చేతి ఆసరా తప్పనిసరి. గాల్లో వెనక కాళ్లు బలంగా విదిలిస్తే దాని నడుమే విరగొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. అలా పెడితే కదలకుండా ఉంటుంది కానీ అది హాయి కాదు, భయంతో బిగుసుకుపోవటం.

చుక్కలు వేసే పద్ధతి. సీసాను ముందుగా గుప్పిట్లో అయిదు నిమిషాలు పట్టుకోండి. చల్లటి మందు చెవిలో పడితే కుందేలుకు తల తిరుగుతుంది. డొప్పను మెల్లగా పైకి పట్టి, చెప్పినన్ని చుక్కలే వేసి, చెవి మొదట్లో వేలితో నెమ్మదిగా మర్దన చేయండి. తర్వాత తల విదిలించనివ్వండి. బయటికి వచ్చిన దాన్ని మెత్తటి గుడ్డతోనో, దూదితోనో తుడవండి. మీ కంటికి కనిపించే భాగం వరకే తుడవాలి. చెవి కడిగే ద్రావణాన్నీ డాక్టర్ చేసి చూపించాకే వాడాలి.

తిండి ఆగకూడదు. కుందేలు పేగులు రాత్రింబవళ్లు కదులుతూనే ఉండాలి. నొప్పితో తిండి మానేస్తే పేగుల కదలిక ఆగిపోతుంది, గ్యాస్ పట్టేస్తుంది. చెవి జబ్బు కుందేలును నేరుగా చంపటం తక్కువ, ఇలా తిండి ఆగి చనిపోవటం ఎక్కువ. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. గరిక, కొత్తిమీర కడిగి, తడితోనే పెట్టండి. తల వాలిన కుందేలు నీళ్ల సీసాను అందుకోలేదు. బరువైన వెడల్పాటి గిన్నెలో నీళ్లు ముక్కు దగ్గరే పెట్టండి. సిరంజితో తినిపించాల్సి వస్తే ముందు డాక్టర్‌ను అడగండి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నప్పుడు బలవంతంగా తినిపిస్తే ప్రమాదం.

బరువు చూడండి. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక బుట్ట పెట్టి రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోండి. కళ్లకు తెలియని తేడా అంకెల్లో తెలుస్తుంది.

గూడు శుభ్రం. ఈ గజ్జి పురుగులు కుందేలు ఒంటి మీద లేకపోయినా అనుకూలమైన వాతావరణంలో మూడు వారాల దాకా బతకగలవు. పాత గడ్డి, అట్టపెట్టెలు పారేయండి. గుడ్డలను వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. గూటిని కడిగి ఎర్రటి ఎండలో పెట్టండి. కుందేలును మాత్రం నీడలోనే ఉంచాలి. 30 డిగ్రీలు దాటిన వేడిని అది తట్టుకోలేదు. మందు వేసిన ప్రతిసారీ గూడు కూడా శుభ్రం చేస్తే మంచిది. ఇంట్లో ఇంకో కుందేలుంటే, దానికి లక్షణాలు లేకపోయినా వైద్యం చేయించాల్సిందే.

తల వాలిన కుందేలుకు మెత్తటి చోటు. తూలి పడినప్పుడు దెబ్బలు తగలకుండా చుట్టూ చుట్టిన తువ్వాళ్లు పెట్టండి. నున్నటి టైల్స్ మీద వదలొద్దు. చుట్టూ చప్పుడు లేకుండా చూడండి. వాలిన తల పూర్తిగా నిటారు కాకపోయినా, ఆ వంపుతోనే చక్కగా తిని తిరిగే కుందేళ్లు చాలా ఉన్నాయి. అంతమాత్రానికి ఆశ వదులుకోనక్కర్లేదు.

ఎప్పుడు పరుగెత్తాలి?

- 12 గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా
- తల ఒక్కసారిగా వాలిపోయినా, దొర్లిపోతున్నా
- పళ్లు గట్టిగా నూరుతూ, ముడుచుకుని కూర్చున్నా
- చెవి మొదట్లో గడ్డలా వాపు వచ్చినా, రక్తం కారినా
- ఒళ్లు చల్లబడినా (కుందేలు సాధారణ ఉష్ణోగ్రత 101.3 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్)

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

పశువైద్యులందరికీ కుందేళ్లను చూసే అలవాటు ఉండకపోవచ్చు. ముందే ఫోన్ చేసి ‘కుందేళ్లను చూస్తారా?’ అని అడగండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రులను ఆశ్రయించవచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో ఇలాంటి కళాశాలలున్నాయి. ఆపత్సమయంలో వెతుక్కోకుండా ఆ నంబర్లు ముందే రాసి పెట్టుకోవటం మేలు.

పొద్దున్నే, లేదా చల్లబడ్డాక తీసుకెళ్లండి. గాలి ఆడే బుట్టలో గడ్డి వేసి, అందులో కూర్చోబెట్టండి. ‘ఆసుపత్రికి కదా’ అని కడుపు మాడ్చొద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి మత్తు ఇవ్వాల్సి వచ్చినా మనుషుల్లా పరగడుపున ఉంచాల్సిన పని లేదు. వయసు, బరువు, ఏం తింటోంది, ఇప్పటికే చెవిలో ఏమైనా వేశారా.. ఇవన్నీ చెప్పాలి. నూనె వేసి ఉంటే దాచొద్దు. తిడతారేమోనని దాస్తే నష్టపోయేది కుందేలే.

డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూస్తారు. పక్కు ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే గజ్జి పురుగు ఇట్టే దొరికిపోతుంది. చీముంటే ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించవచ్చు. లోపలి చెవి మీద అనుమానముంటే ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్ అవసరం కావొచ్చు.

పిల్లలకు అంటుకుంటుందా?

చాలామంది తల్లిదండ్రుల భయమిదే. చెవి లోపల పక్కులు కట్టించే పురుగు మనుషుల ఒంటి మీద స్థిరపడదు. అయితే కుందేళ్లలో ఇంకో రకం గజ్జి ఉంది. అది ముక్కు, పెదవులు, చెవి అంచులు, కాలి వేళ్ల మీద తెల్లటి పొక్కులు కట్టిస్తుంది. దానివల్ల ఎత్తుకున్న వాళ్లకు చేతుల మీద, పొట్ట మీద కొద్ది రోజులపాటు దురద రావొచ్చు. తామర కూడా కుందేలు నుంచి పిల్లలకు అంటుతుంది. కాబట్టి వైద్యం పూర్తయ్యేదాకా ముద్దులు, ఒళ్లో పడుకోబెట్టుకోవటాలు మానాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో ఎవరికైనా దురద, గుండ్రటి మచ్చలు వస్తే చర్మవైద్యులను కలవాలి. ఇంట్లో కుందేలుందని వారికి చెప్పటం మరవొద్దు.

మళ్లీ రాకుండా

కొత్త కుందేలును తెస్తే వెంటనే పాతదానితో కలపకుండా కనీసం మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచండి. కొనేటప్పుడే చెవుల్లోకి చూడండి. పక్కులు, వాసన ఉంటే వద్దనండి. గూడు తడిగా ఉండనివ్వకండి. మూత్రం ఘాటు పేరుకుంటే ముక్కు జబ్బులు, వాటి నుంచి చెవి జబ్బులు వస్తాయి. లాప్ రకమైతే డాక్టర్ దగ్గర చెవులు, పళ్లు ఆరు నెలలకోసారైనా చూపించటం మంచిది.

ఇక మొదట్లో చెప్పుకున్న ఇంటికి వద్దాం. అక్కడ ముగ్గురికీ చేతినిండా పనుంది. ఒళ్లో తువ్వాలు పరిచి, కంగారు పెట్టకుండా కుందేలును పట్టుకోవటంలో నానమ్మను మించినవాళ్లు లేరు. డాక్టర్‌కు ఫోన్ చేసి, రెండో మోతాదు ఏ తేదీనో క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం నాన్న బాధ్యత. పొద్దునా సాయంత్రం తిన్న గడ్డి, వేసిన పెంటికలు లెక్కపెట్టి పుస్తకంలో రాయటం పాప పని. డాక్టర్ మొదట అడిగేది ఆ పుస్తకమే.